వచ్చే విడత ఏ పుస్తకం చదువుదాం? ప్రతిపాదనలు, అభిప్రాయాలు

నీలగిరి (నల్గొండ) | ఆదివారం, ఉదయం 7:40

మిత్రులందరికీ నమస్కారం. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఆలోగా కొత్త పుస్తకం తేల్చుకుంటే డిసెంబరు చివరికల్లా చదవడమూ మాట్లాడుకోవడమూ పూర్తవుతాయి.

ఈసారి ఒక మనవి. పుస్తకం పేరు రాసి వదిలేయకండి. ఎందుకు చదవాలి, ఎక్కడ దొరుకుతుంది, చర్చను మీరే నడిపిస్తారా, ఇవి కూడా రాయండి. పోయిన విడత ఓట్లు వేసి ఎంచుకున్న నవలను సగం మంది కూడా చివరిదాకా చదవలేదు. నవల మంచిదే. కానీ దాన్ని ప్రేమించి, ‘ఈ వారం ఇక్కడిదాకా రండి, ఈ పేజీ దగ్గర కాసేపు ఆగండి’ అని చెప్పే మనిషి లేకపోయారు. ఓట్లతో గెలిచిన పుస్తకం కన్నా ఒక్కరు భుజాన వేసుకున్న పుస్తకమే చివరిదాకా సాగుతుందని నా గట్టి నమ్మకం.

నా ప్రతిపాదన వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. 1955లో వచ్చిన నవల. రచయిత మన నకిరేకల్ పక్కన మాదారంలో 1915లో పుట్టారు. నిజాం పాలనలో తెలంగాణ పల్లె ఎలా బతికిందో నవలగా చెప్పిన తొలితరం రచయిత. చర్చ నేనే నడిపిస్తాను. నా దగ్గర రెండు ప్రతులు ఉన్నాయి, అడిగినవారికి పంపుతాను.

తుంగభద్ర తీరం (అలంపురం) | ఆదివారం, ఉదయం 9:15

నీలగిరి సార్, చాలా కాలంగా నేను చెప్పాలనుకున్న మాట మీరే చెప్పారు. ప్రతిపాదించినవారే నడిపించాలి.

నాదీ ఒక ప్రతిపాదన ఉంది. సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. మా అలంపురం ప్రాంతపు మనిషి ఆయన. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన మొదటి పుస్తకం అదే, 1955లో. అప్పటికి ఆయన లేరు, 1953లోనే కన్నుమూశారు. రాజులు, యుద్ధాలు, పట్టాభిషేకాలు పక్కన పెట్టి మన పూర్వీకులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ నమ్మకాలతో బతికారు అని పాత కావ్యాలను జల్లెడ పట్టి రాసిన చరిత్ర. ఇంత ఓపికతో మామూలు మనుషుల కోసం చరిత్ర రాసినవారు అప్పటికి మనలో ఎందరున్నారు? ఇంటింటా ఉండవలసిన పుస్తకం.

మూసీ గట్టు (సూర్యాపేట) | ఆదివారం, మధ్యాహ్నం 1:05

పెద్దలిద్దరి మీదా గౌరవంతోనే ఒక మాట. ఎంతసేపూ నిజాం కాలమేనా? ఇవాళ మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు ఊళ్లు వదిలి వెళ్తున్నారు. భూముల ధరలు పెరిగి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తున్నారు. ఇవి రాసిన నేటి రచయితలు లేరా? నా దుకాణానికి వచ్చే కుర్రవాళ్లకు ‘ప్రజల మనిషి’ ఇస్తే మొహమాటానికి తీసుకుంటారు. వాళ్ల బతుకు ఉన్న కథలు ఇస్తే అక్కడే నిలబడి చదువుతారు. అది కళ్లారా చూశాను. ఈ విడతకు ఈ పదేళ్లలో వచ్చిన కథాసంపుటి ఏదైనా తీసుకుందాం.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్) | ఆదివారం, సాయంత్రం 6:30

మూసీ గట్టు అన్నా, మీ మాటలో న్యాయం ఉంది. కానీ అన్నదమ్ములను విడదీస్తున్న ఆ భూమి ఎవరిది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది అని మొదలుపెడితే మళ్లీ ఆ కాలానికే వెళ్తాం. తాతల నాటి కాగితాల కోసం ఇప్పటికీ తిరుగుతున్న వాళ్లను మా పాఠశాల పిల్లల ఇళ్లలో చూస్తూనే ఉన్నాను.

నా అభ్యంతరం వేరు. ఇక్కడ పుస్తకాల పేర్లు వచ్చినప్పుడల్లా మగవాళ్లు రాసినవి, మగవాళ్లు నడిపించినవే ముందుకు వస్తాయి. ఆ పోరాట కాలంలో ఆడవాళ్లు లేరా? వాళ్లు చెప్పుకున్న మాటలే పుస్తకంగా ఉన్నాయి, ‘మనకు తెలియని మన చరిత్ర’. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసిన పుస్తకం. నేను నడిపిస్తాను. పేజీ పేజీకీ పెన్సిల్ గీతలున్న నా ప్రతిని ఎవరికైనా ఇస్తాను, గీతల మీద గీతలు గీయవచ్చు.

డిండి వాగు (దేవరకొండ) | ఆదివారం, రాత్రి 10:20

నమస్కారం. నేను ఈ మధ్యే చేరాను, పోటీ పరీక్షలకు చదువుతున్నాను. వట్టికోట ఆళ్వారుస్వామి అనగానే నాకు ‘దేశోద్ధారక గ్రంథమాల, 1938’ అని వచ్చేస్తుంది. సురవరం అంటే ‘గోలకొండ పత్రిక, 1926’. నిజాం రాష్ట్రంలోని తెలుగువారి సంఘం ఆంధ్ర మహాసభ రెండో సమావేశం ఎక్కడ అంటే మా దేవరకొండలో, 1931లో, అధ్యక్షులు బూర్గుల రామకృష్ణారావు. ఇవన్నీ నిద్రలో అడిగినా చెప్తాను. కానీ వీళ్లు రాసిన ఒక్క పేజీ కూడా నేను చదవలేదు, నాతో చదివేవాళ్లలో ఎవరూ చదవలేదు. ప్రశ్నపత్రంలో నాలుగు జవాబుల మధ్య ఉండే పేర్లుగానే వీళ్లు మాకు తెలుసు.

అందుకే ఏదైనా సరే, ఈ పేర్లలో ఒకరిని నిజంగా చదివించండి. కొనుక్కునే పరిస్థితి లేదు, దొరికే మార్గం చెప్పండి.

నీలగిరి (నల్గొండ) | సోమవారం, ఉదయం 6:50

డిండి వాగు అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. మీ మాట ఒక్కటి చాలు ఈ పుస్తకం ఎందుకు చదవాలో చెప్పడానికి.

ఆళ్వారుస్వామి గురించి పరీక్షలో అడగని సంగతులు కొన్ని చెప్తాను. చదువు కోసం ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసి పెట్టిన మనిషి. హోటల్‌లో పనిచేశారు. తర్వాత గోలకొండ పత్రికలో అచ్చుతప్పులు దిద్దే పనిలో చేరారు. పెద్ద బడుల్లో చదువుకోలేదు. ‘దేశోద్ధారక గ్రంథమాల’ పెట్టి ముప్పైకి పైగా పుస్తకాలు వేశారు. వేసి దుకాణంలో కూర్చోలేదు, పుస్తకాల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు. సభలు జరిగే చోటికి గంపతో చేరుకునేవారు. జైలుకు వెళ్లారు, జైలు మనుషుల మీద ‘జైలు లోపల’ అని కథలు రాశారు. నిజామాబాద్ జైలులో దాశరథి కృష్ణమాచార్య ఆయనతో పాటు ఉన్నారు. దాశరథి తన ‘అగ్నిధార’ను అంకితం ఇచ్చింది ఈయనకే. 1961లో, నలభై ఆరేళ్లయినా నిండకుండానే వెళ్లిపోయారు.

పుస్తకాన్ని మనిషి దగ్గరికి నడిపించుకుంటూ వెళ్లిన ఇలాంటి మనిషి రాసిన నవల పుస్తక ప్రియుల మధ్య ఒక్కసారి కూడా చర్చకు రాకపోతే ఎలా?

మూసీ గట్టు (సూర్యాపేట) | సోమవారం, ఉదయం 8:10

ఈ గంప సంగతి నాకు తెలియదు. మా సూర్యాపేట పక్కనే నకిరేకల్, అరగంట దారి. సార్, నా ప్రతిపాదన ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను, వెనక్కి తీసుకోవడం లేదు. దీని తర్వాతి విడత నాది.

బత్తాయి తోట (హాలియా) | సోమవారం, రాత్రి 9:45

ఆలస్యంగా చూశాను, తోటలో పని తెమలలేదు.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. పుస్తకం మాత్రం చేతిలో లేకుండా పడుకోను. మోటారు గదిలో ఒక మేకుకు ప్లాస్టిక్ సంచి వేలాడదీసి అందులో పుస్తకం పెట్టుకుంటాను. నీళ్లు ఒక పాదు నుంచి ఇంకో పాదుకు మళ్లే లోపు రెండు పేజీలు అవుతాయి. నాలాంటి వాడికి లావు పుస్తకం కష్టం. తుంగభద్ర అన్న చెప్పిన చరిత్ర మీద గౌరవం ఉంది, కానీ ఒక్క ఊపులో అది నా వల్ల కాదు.

‘ప్రజల మనిషి’కే నా మాట. కారణం చెప్తాను. మా తాత వెట్టి చేసినవాడు. దొర ఇంటికి కట్టెలు మోసేవాడని, పెళ్లి అయితే ఆ ఇంటికి ఊరంతా పనికి వెళ్లాల్సి వచ్చేదని మా నాయనమ్మ చెప్పేది. చెప్పి, ‘అప్పటి రోజులు వద్దులే’ అని మాట మార్చేసేది. ఆ వద్దులే అన్న దాని వెనక ఏముందో నాకు ఎవరూ చెప్పలేదు. నవలలో ఆ బతుకు ఉందని విన్నాను. ఆమె మాట మార్చిన చోటి నుంచి ముందుకు తెలుసుకోవాలని ఉంది.

తుంగభద్ర తీరం (అలంపురం) | మంగళవారం, ఉదయం 7:20

బత్తాయి తోట తమ్ముడూ, మీ మాటకు ఎదురు చెప్పలేను. ఈ విడత నవలే కానివ్వండి.

అయితే సురవరం వారి పుస్తకం గురించి ఒక సూచన. దాన్ని నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పరుగెత్తితే అలసిపోతాం. తూర్పు చాళుక్యుల కాలం, కాకతీయుల కాలం, రెడ్డిరాజుల కాలం, విజయనగరం అంటూ యుగాల వారీగా సాగి 1907 దగ్గర ఆగుతుంది. ప్రతి అధ్యాయమూ విడిగా నిలబడుతుంది. కాకతీయుల అధ్యాయం ఒక్కటే తీసుకోండి. ‘క్రీడాభిరామం’ అనే పాత రచనలోని ఓరుగల్లు వీధులను ఆధారం చేసుకుని ఆనాటి పూటకూళ్ల ఇళ్లు, వేడుకలు, ఆటపాటలు ఎలా కళ్లకు కట్టించారో చూడండి. నెలకు ఒక అధ్యాయం చొప్పున, మిగతా పుస్తకాలతో పాటే పక్కన నడుపుదాం. ఏడాది తిరిగేసరికి పూర్తవుతుంది, ఎవరికీ భారం కాదు.

ఇంకో మాట. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఎవరో అంటే, మాటకు మాట తిప్పికొట్టకుండా 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేసిన మనిషి ఆయన. గస్తీ నిషాన్ 53 అనే అప్పటి నిజాం ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం సభ పెట్టుకోవాలంటే ముందే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ రోజుల్లో పని ఇది! ఇవాళ మనం ఎవరి అనుమతీ లేకుండా రాత్రి పదిన్నరకు కూర్చుని పుస్తకాల మీద వాదించుకుంటున్నాం. ఇది చిన్న విషయం కాదు.

వనపర్తి వాడు (దుబాయి) | మంగళవారం, రాత్రి 11:50

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఇక్కడ పుస్తకం చేతికి రావడమే కష్టం. సెలవుకు వచ్చేవాళ్లతో తెప్పించుకోవాలి, బరువు లెక్క చూసుకుని తెస్తారు. ‘ప్రజల మనిషి’ కాగితాలను ఫోటోలు తీసి ఎవరైనా పంపగలరా? మా గదిలో ఇంకో ఇద్దరు పాలమూరు వాళ్లు ఉన్నారు, వాళ్లకు చదవడం అంతగా రాదు. నేను పైకి చదివి వినిపిస్తే వింటారు.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్) | బుధవారం, ఉదయం 6:15

తమ్ముడూ, పుస్తకమంతా ఫోటోలు తీసి పంచడం మాత్రం వద్దు. చిన్న ప్రచురణకర్తలు ఎంత కష్టం మీద పాత పుస్తకాలను మళ్లీ అచ్చు వేస్తున్నారో చూస్తున్నాం. వెయ్యి ప్రతులు అమ్ముడైతేనే రెండో ముద్రణ వస్తుంది. మనమే ఫోటోలు తిప్పితే పదేళ్లకు ఆ పుస్తకం ఎవరికీ దొరకదు. మీ ఇంటికి కొత్త ప్రతి నేను కొని పంపుతాను, వచ్చేవాళ్లతో తెప్పించుకోండి. ఆ లోపు మన శనివారం ఫోను సమావేశంలో ఎవరో ఒకరు పది పేజీలు పైకి చదువుదాం. మీరు ముగ్గురూ వినండి. ఫోను మధ్యలో పెట్టి వింటే మీ గదిలోని ఆ ఇద్దరూ మన సభ్యులే.

వనపర్తి వాడు (దుబాయి) | బుధవారం, ఉదయం 7:02

అక్కా, చాలా సంతోషం. వాళ్లకు చెప్పాను. ఒకాయన కూలికి బొంబాయి వెళ్లి వచ్చిన పాత మేస్త్రీ మనిషి. ‘కథ మన ఊళ్లదేనా’ అని అడిగాడు, అవునన్నాను.

నీలగిరి (నల్గొండ) | గురువారం, రాత్రి 8:00

అన్ని మాటలూ చదివాను. నా ఆలోచన ఇది, కాదనేవారు నిర్మొహమాటంగా కాదనండి.

ఒక్క పుస్తకం కాకుండా జంటగా రెండు పుస్తకాలు పెట్టుకుందాం. మొదట ‘ప్రజల మనిషి’, వెంటనే ‘మనకు తెలియని మన చరిత్ర’. మొదటిది ఒక మగ రచయిత ఊహించి కట్టిన కథ. రెండోది ఆ వెనువెంటనే వచ్చిన కాలంలో స్త్రీలు తాము బతికింది తామే చెప్పుకున్నది. మొదటి దాంట్లో ఏం కనిపించలేదో రెండోది చూపిస్తుంది. రెండూ కలిపి చదివితేనే పాలమూరు అక్క లేవనెత్తిన ప్రశ్నకు మర్యాద దక్కుతుంది. సురవరం వారి చరిత్ర నెలకో అధ్యాయం చొప్పున పక్కనే నడుస్తుంది, తుంగభద్ర గారు చూసుకుంటారు. ఆ తర్వాతి విడత మూసీ గట్టు గారి ఇష్టం.

ప్రతుల సంగతి. నా రెండు, పిల్లలమర్రి గారిది ఒకటి, మూసీ గట్టు గారు ఒకటి కొంటానన్నారు. కోదాడ నుంచి మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల దాకా ఒకే జాతీయ రహదారి. మన వాళ్లలో సగం మంది ఆ దారి మీదే ఉన్నారు. ఒకరు చదివి ముందు ఊరికి ఆర్టీసీ కార్గోలో వేస్తే చాలు. మొదటి ప్రతి డిండి వాగు గారికి. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఉంటుంది, వెళ్లేవాళ్లు మిగతావాళ్లకు కూడా కొని తెండి.

డిండి వాగు (దేవరకొండ) | గురువారం, రాత్రి 8:04

సమ్మతం. చాలా చాలా కృతజ్ఞతలు సార్.

బత్తాయి తోట (హాలియా) | గురువారం, రాత్రి 8:30

సమ్మతం. దేవరకొండ నుంచి వచ్చేటప్పుడు నాకు పంపమ్మా.

(రెండు వారాల తర్వాత)

బత్తాయి తోట (హాలియా) | శుక్రవారం, రాత్రి 9:10

నీలగిరి సార్ రెండో ప్రతి నాకు పంపారు, సగం దాటాను. నాకు ఇంతవరకు బాగా పట్టుకున్న సంగతి ఒకటి రాస్తాను. నవలలోని దిమ్మెగూడెం దొర రామభూపాల్‌రావు ఒక్కడే ఊరిని పట్టి ఉంచలేదు. పట్వారీ, పోలీసు, చుట్టూ చేరి బతికేవాళ్లు, భయపడి ఊరుకున్నవాళ్లు, వీళ్లంతా కలిస్తేనే ఆ గడీ, అంటే దొర కోట, నిలబడింది. చిన్నప్పుడు మా నాయనమ్మ దగ్గర దొర అంటే ఒక మనిషి అనుకున్నాను. ఇది ఒక మనిషి కాదు, ఒక ఏర్పాటు. మంచి దొర వచ్చినా వెట్టి పోదు. ఇది చదివాక మా తాత ఎందుకు తిరగబడలేదు అన్న కోపం నాకు తగ్గింది.

డిండి వాగు (దేవరకొండ) | శుక్రవారం, రాత్రి 10:40

అన్నా, నేను పూర్తి చేశాను. మీ దగ్గర ప్రతి ఉంది కాబట్టి నాది రేపు కార్గోలో ముందు ఊరికి వేస్తాను.

నాకు ఒక అసంతృప్తి ఉంది, చెప్పవచ్చా? నవలలో నాయకుడు కంఠీరవం చాలా మంచివాడు. అన్యాయం చూస్తే ఊరుకోడు, అందరూ నమ్ముతారు. కానీ అతని లోపలి సంఘర్షణ నాకు చాలినంత అందలేదు. భయం, కోపం, ఎవరి మీదైనా అసూయ, ఇవన్నీ ఉన్న మనిషిగా చూడాలనిపించింది. నా స్నేహితురాలికి చెప్తే ‘ఆదర్శం కోసం రాసిన పాత్ర అంతే’ అంది. నాకు అంతటితో సరిపోవడం లేదు.

నీలగిరి (నల్గొండ) | శనివారం, ఉదయం 6:30

తప్పకుండా చెప్పవచ్చు, చెప్పాలి కూడా. మనం ఇక్కడ చేరింది భజన చేయడానికి కాదు.

నాకూ ఆ వెలితి కనిపిస్తుంది. కానీ ఒకటి గమనించండి. ఈ నవలలో ప్రాణం నాయకుడిలో కన్నా ఊరిలో ఉంది. వెట్టి ఎవరెవరి మీద ఎలా పడుతుంది, హరిజనవాడల్లో మతమార్పిళ్లు ఎందుకు మొదలయ్యాయి, ఆ ఆశలూ భయాలూ ఏమిటి, ఆంధ్ర మహాసభ తొలి రోజుల్లో ఒక పల్లెకు ‘సంఘం’ అనే ఊహ ఎలా చేరింది, ఇవన్నీ దగ్గర నుంచి చూసిన మనిషి రాతలు. నాయకుడి పాత్ర గీత గీసినట్టు ఉంటుంది, చుట్టూ ఉన్న జనం మాత్రం కదులుతూ ఉంటారు. పేరులో ‘మనిషి’ కన్నా ‘ప్రజల’ అన్నదే నవలకు బలం. రెండో నవల ‘గంగు’ను ఒక స్త్రీ పేరుతో మొదలుపెట్టారు, పూర్తి చేయకుండానే పోయారు. మీ అసంతృప్తికి ఆయన ఏం జవాబు రాసేవారో!

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్) | శనివారం, మధ్యాహ్నం 2:20

ఇక్కడే నా పుస్తకం మొదలవుతుంది. డిండి వాగు చెల్లెలా, నవలలో మీకు దొరకని భయమూ కోపమూ ఇందులో నిండా దొరుకుతాయి.

చాకలి ఐలమ్మ మాట్లాడుతుంది. పాలకుర్తిలో తన పంట మీదికి విసునూరు దేశముఖ్ మనుషులు వచ్చిన సంగతి చెప్తుంది. పాలకుర్తి ఉన్న జనగామ తాలూకా అప్పట్లో మీ నల్గొండ జిల్లాలోనే ఉండేది. 1946 జులై 4న ఈ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య ప్రాణాలు వదిలిన కడవెండీ అక్కడిదే. పరీక్షలకు ఈ తేదీ మీకు తెలిసే ఉంటుంది, ఇప్పుడు ఆ పక్క ఊరి ఆడమనిషి గొంతు వినండి.

కమలమ్మ కథ దగ్గర మాత్రం తొందరపడకండి. కమ్యూనిస్టు దళంతో అడవిలో ఉండగా పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి. ఆ భాగం నేను పదో తరగతి పిల్లల ముందు చదివాను. చదువుతున్నంతసేపూ ఎవరూ కదలలేదు. తర్వాత వెనక బల్ల మీది అమ్మాయి లేచి, ‘పార్టీ గొప్పదా, బిడ్డ గొప్పదా మేడం’ అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు, పిల్లలనే మాట్లాడనిచ్చాను. గంట కొట్టినా వాళ్లు ఆపలేదు. ఒక్కొక్కరూ తమ ఇంట్లో అమ్మ ఏం వదులుకుందో చెప్పడం మొదలుపెట్టారు.

1951 అక్టోబరులో పోరాటం విరమించాక ఈ స్త్రీలు ఏమయ్యారు అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. తుపాకీ పట్టినవాళ్లను, రహస్య స్థావరాలు నడిపినవాళ్లను ఇక ఇళ్లకు వెళ్లమన్నారు. ఏ ఇంటికి? ఈ ప్రశ్నతోనే రేపటి చర్చ మొదలుపెడతాను.

మూసీ గట్టు (సూర్యాపేట) | శనివారం, సాయంత్రం 5:45

అక్కా, మా ప్రాంతపు మల్లు స్వరాజ్యం గారి మాటలు కూడా అందులో ఉన్నాయి కదా. ఆమె ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ నా దగ్గర ఉంది. చాలా ఏళ్ల తేడాతో ఒకే మనిషి తన జీవితాన్ని రెండుసార్లు చెప్పినప్పుడు ఏం మారింది, ఏం మారలేదు అని చూస్తే బాగుంటుంది. ఆ పని నేను చేస్తాను. నేటి కథలు కావాలన్న నా పంతం పోలేదు, కానీ ఈ రెండు పుస్తకాలు చదివాక ఎంచుకునే నేటి కథలు వేరుగా ఉంటాయని తెలుస్తోంది.

వనపర్తి వాడు (దుబాయి) | శనివారం, రాత్రి 11:30

ఇవాళ చదివి వినిపించిన పది పేజీలూ విన్నాం. పాత మేస్త్రీ మనిషి మధ్యలో రెండుసార్లు ఆపమన్నాడు. మీకు వినిపించలేదేమో, మా వైపు మాట రాకుండా పెట్టాం. ముందు జీతం ఇచ్చి ఆ అప్పు తీరేదాకా మనిషిని పనిలో ఉంచుకోవడం గురించి తన సంగతులు చెప్పాడు. వెట్టి పోయిందని నేను అంటే, ‘పేరు పోయింది’ అన్నాడు. దీని మీద ఆయనే మాట్లాడతానంటున్నాడు. రేపు ఐదు నిమిషాలు ఇస్తారా?

నీలగిరి (నల్గొండ) | ఆదివారం, ఉదయం 5:55

ఐదు నిమిషాలు కాదు, మొదటి మాట ఆయనదే. పిల్లలమర్రి గారు ఆయన తర్వాత తమ ప్రశ్నతో అందుకుంటారు. రాత్రి 8:30కు అందరూ రండి. పుస్తకం పూర్తి చేయనివాళ్లు కూడా రండి, చదివినంత మేరకే మాట్లాడండి.

తుంగభద్ర తీరం (అలంపురం) | ఆదివారం, ఉదయం 6:40

వస్తున్నాను. సురవరం వారి మొదటి అధ్యాయానికి ఎవరైనా సాయం కావాలి. పాత కావ్యాల పద్యాలు చాలా ఉన్నాయి, నేను ఒక్కణ్ణే అర్థాలు చెప్తే పాఠం అయిపోతుంది.

డిండి వాగు (దేవరకొండ) | ఆదివారం, ఉదయం 6:52

నేను చేస్తాను సార్. డిగ్రీలో తెలుగు సాహిత్యమే చదివాను. మీరు పద్యం చదవండి, భావం నేను చెప్తాను. ఆ అధ్యాయం ఉన్న పేజీలు ఏవో చెప్పండి, గ్రంథాలయంలో కూర్చుని ఈ వారమే రాసుకుంటాను.